పొద్దున కనిపించిన తాబేలు గుడ్లను తరలించవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. నేను డిగ్రీ జువాలజీ చివరి సంవత్సరం. ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్లు మా ఒడ్డుకొచ్చి గుడ్లు పెడతాయి. కుక్కలు, నక్కలు తవ్వి తినేస్తున్నాయి. కిందటేడు ఒకరోజు పొద్దున తొమ్మిదింటికి కుర్రాళ్లమంతా కలిసి ఒక గూట్లోని 112 గుడ్లను బకెట్లో వేసుకొచ్చాం. బడి ఆవరణలో ఇసుక పోసి, మోకాలి లోతున పాతిపెట్టాం. రోజూ నీళ్లు చల్లాం. రెండు నెలలకు తొమ్మిదే పిల్లలొచ్చాయి. వాటిని టబ్బులో నీళ్లు పోసి మర్నాడు సాయంత్రం దాకా ఉంచి, ఊరందరి ముందు సముద్రంలో వదిలాం. మిగతా గుడ్లు ఎందుకు పాడయ్యాయి? ఈ ఏడు పద్ధతిగా హ్యాచరీ పెట్టాలంటే ఏం చేయాలి? ఒడ్డుకు కొట్టుకొచ్చే చచ్చిన తాబేళ్ల విషయంలో మేం చేయగలిగిందేమైనా ఉందా? ఇదే రంగంలో పరిశోధనకు ఎలా వెళ్లాలి?

సమాధానం: గుడ్లు పాడవడానికి మొదటి కారణం మీరు చెప్పిన ఆ తొమ్మిది గంటల్లోనే ఉంది. మన ఒడ్డుకొచ్చేవి దాదాపు అన్నీ ఆలివ్ రిడ్లే తాబేళ్లే. ఇవి ఎక్కువగా రాత్రి పదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య గుడ్లు పెడతాయి. అంటే మీరు గూడు తవ్వేసరికి గుడ్లు పెట్టి ఆరు నుంచి పదకొండు గంటలై ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నంతసేపూ పిండం ఎదుగుదల ఒక దశలో ఆగి ఉంటుంది. గుడ్డు బయటపడి గాలి తగిలాక మళ్లీ మొదలవుతుంది. కొన్ని గంటల్లోనే పిండం గుడ్డులో పైవైపుకు చేరి, పెంకు లోపలి పొరకు అతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత గుడ్డును తిప్పినా కుదిపినా ఆ అతుకు తెగి పిండం చచ్చిపోతుంది. కోడిగుడ్డును కోడి రోజూ తిప్పుతుంది కదా అనుకుంటారు చాలామంది. తాబేలు గుడ్డు అలా కాదు. ఏ వైపు పైకి ఉందో పిల్ల వచ్చేదాకా ఆ వైపే పైకి ఉండాలి.

దీన్ని కంటితోనే గుర్తుపట్టొచ్చు. అప్పుడే పెట్టిన గుడ్డు పింగ్‌పాంగ్ బంతంత ఉంటుంది, లేత గులాబీ ఛాయలో, జిగురుతో, కాస్త వెలుతురు దూరేలా కనిపిస్తుంది. పిండం అతుక్కున్నాక పైభాగాన సుద్ద పూసినట్టు ఒక తెల్లమచ్చ మొదలై రోజురోజుకూ కిందికి పాకుతుంది. గూడు పైవరస గుడ్ల మీద ఆ మచ్చ కనిపించిందంటే ఇక చేయి పెట్టకండి. మచ్చ ఇంకా రాలేదు కదా అని ధీమా పడటానికీ లేదు. అతుకు ముందు మొదలవుతుంది, మచ్చ తర్వాత తేలుతుంది. గుడ్లు పెట్టిన రెండు మూడు గంటల్లోపు తరలిస్తే మంచిది, ఆరు గంటలు దాటితే కదపకూడదు. గడియారాన్నే నమ్మండి.

మిగతా మూడు తప్పులు చిన్నవేం కావు. ఒకటి ఇసుక. బడి ఆవరణలో పోసింది ఏటి ఇసుకో, ఇల్లు కట్టగా మిగిలిన ఇసుకో అయి ఉంటుంది. అందులో మట్టి కలిసి ఉంటే నీళ్లు తగలగానే బిగుసుకుని గాలి ఆడదు. గుడ్డు పెంకు గుండా ఊపిరి తీసుకుంటుంది కాబట్టి గాలాడని ఇసుకలో ఉక్కిరిబిక్కిరవుతుంది. రెండోది రోజూ నీళ్లు చల్లడం. ఒడ్డున 45 సెంటీమీటర్ల లోతున ఇసుక మామూలుగానే తడిగా ఉంటుంది. పైనుంచి రోజూ నీళ్లు పోస్తే బూజు పడుతుంది. మూడోది బకెట్లో గుడ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడం. ఇన్ని జరిగాక కూడా తొమ్మిది పిల్లలు వచ్చాయంటే ఆశ్చర్యమే.

ఇక ఈ ఏడు సంగతి. హ్యాచరీ కంటే ముందు చట్టం. సముద్ర తాబేళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో (ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో) ఉన్నాయి. ఆ చట్టం ప్రకారం సరీసృపాల గుడ్లను, గూళ్లను కదపడం కూడా వేట కిందికే వస్తుంది. ఉద్దేశం మంచిదైనా అనుమతి లేకుండా గుడ్లు తీస్తే కేసే. మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా ఉంటుంది. కాబట్టి మీ జిల్లా అటవీ అధికారికి ముందే అర్జీ పెట్టండి. అందులో ఒడ్డు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంతమంది, ఏ నెలల్లో, ఏం చేయదలచారు అన్నవి స్పష్టంగా రాయండి. అటవీశాఖ మన తీరంలో చాలాచోట్ల హ్యాచరీలు నడుపుతోంది, కాపలాకు మత్స్యకార కుర్రాళ్లనే పెట్టుకుంటోంది. మీ ఊరికి దగ్గర్లో అలాంటిది ఉంటే సొంతంగా ఇంకొకటి పెట్టకండి, అందులోనే చేరండి. రెండు హ్యాచరీలకు కాపలా మనుషులు చాలక రెండూ పాడవుతాయి.

ఆ హ్యాచరీ కూడా రెండో దారే. గూడు ఉన్నచోటే ఉంచి కాపాడగలిగితే అంతకంటే మంచిది లేదు. తల్లి ఎంచుకున్న చోటు, లోతు, తేమ మనం తవ్విన గుంతకు రావు. పోటు నీరు చేరే చోట పెట్టినా, మనుషులు దొంగిలించే చోటైనా, వల పరిచినా కుక్కలు ఆగకపోయినా అప్పుడే తరలించాలి. కుక్కలొక్కటే సమస్య అయితే గూటి మీద వల పరిస్తే సరిపోతుంది. మీటరు పొడవు, మీటరు వెడల్పు ప్లాస్టిక్ వల గానీ వెదురు తడిక గానీ తీసుకోండి. కన్ను 7 నుంచి 8 సెంటీమీటర్లు ఉండాలి. పిల్ల డిప్ప 4 సెంటీమీటర్లే అయినా రెక్కలు చాపితే ఇంకా చోటు కావాలి. దాన్ని ఇసుకలో 10 సెంటీమీటర్ల లోతున పరిచి, నాలుగు మూలలా, మధ్యమధ్యలో కర్ర మేకులు దిగగొట్టండి. కుక్క పక్కనుంచి తవ్వుతుంది కాబట్టే మీటరు కావాలి, చిన్న ముక్క పనికిరాదు. ఇనుప వల వద్దు. పిల్లలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని దారి వెతుక్కుంటాయి. గూటి మీద ఇనుము దానికి అడ్డొస్తుందనే అనుమానం పరిశోధకుల్లో ఉంది. వెదురు దొరికేచోట ఆ తంటా ఎందుకు?

గూటి దగ్గర జెండా పాతకండి. అది దొంగకు దారి చూపించినట్టే. తల్లి వచ్చివెళ్లిన జాడను కొమ్మతో ఊడ్చేసి, కదలని రెండు గుర్తుల నుంచి (సరుగుడు చెట్టు, కరెంటు స్తంభం లాంటివి) టేపుతో దూరం కొలిచి పుస్తకంలో రాసుకోండి. ఆ రెండు దూరాలు కలిసేచోటే గూడు. ఫోను జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది, ఒక్క దాన్నే నమ్ముకుంటే 50 రోజుల తర్వాత గూడు దొరకదు.

తరలించక తప్పకపోతే పని రాత్రే జరగాలి, అందుకు రాత్రి గస్తీ కావాలి. తెల్లటి టార్చి వేయకండి. ఎర్ర కాయితం చుట్టిన టార్చి వెలుతురు చాలు. రిడ్లే జాడ 70 నుంచి 80 సెంటీమీటర్ల వెడల్పున ఉంటుంది, కుడి ఎడమ రెక్కల గుర్తులు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. తాబేలు గుంత తవ్వుతుండగా ఎదురుగా వెళ్తే పెట్టకుండానే తిరిగి వెళ్లిపోతుంది. గుడ్లు రాలడం మొదలయ్యేదాకా దూరంగా కూర్చోండి. పెట్టడం అయ్యాక ఇసుక కప్పి, డిప్పతో అటూఇటూ ఊగుతూ దిమ్మిస కొట్టినట్టు అణిచివేస్తుంది. అది నీళ్లలోకి వెళ్లాకే తవ్వండి. కర్రతో పొడిచి గూడు వెతికే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దానివల్ల పైవరస గుడ్లు చితికి మిగతావాటికి చీమలు, బూజు పడతాయి. అరచేతితో నొక్కి చూస్తే మెత్తగా దిగేచోటు తెలుస్తుంది.

గుడ్లు తీయడానికి ముందు చేతులకు సబ్బు, దోమల మందు, నూనె ఏవీ ఉండకూడదు. శుభ్రమైన గుడ్డసంచి అడుగున ఆ గూటి తడి ఇసుకే నాలుగు వేళ్ల మందాన వేసి, గుడ్లను ఒక్కొక్కటిగా ఎలా ఉన్నాయో అలాగే ఎత్తి పెట్టండి. కడగొద్దు, జిగురు తుడవొద్దు. ఒక గూటికి ఒక సంచి, రెండు గూళ్లవి కలపొద్దు. లెక్కపెట్టేది ఇప్పుడే, సాధారణంగా 100 నుంచి 130 ఉంటాయి. గుంత ఖాళీ అయ్యాక చేతిని నిలువుగా పెట్టి అడుగు దాకా లోతు కొలిచి రాసుకోండి. దాదాపు 45 సెంటీమీటర్లు వస్తుంది. సంచిని మనిషి చేత్తో పట్టుకుని నడిచే వెళ్లాలి. బైకు మీద గతుకుల్లో తెస్తే ఇంత జాగ్రత్తా వృథా.

హ్యాచరీ చోటు అదే ఒడ్డున, పోటు గీతకు బాగా పైన, వాననీరు నిలవని ఎత్తులో ఉండాలి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ అలల ఎత్తు, సముద్రం ఉప్పొంగే హెచ్చరికలు రోజూ ఇస్తుంది, సీజనంతా చూస్తూ ఉండండి. సరుగుడు చెట్ల మొదట్లో పెట్టొద్దు, వేళ్లు గుడ్లలోకి దిగుతాయి, నీడకు ఇసుక చల్లబడుతుంది. (తుపాను గాలిని ఆపుతాయని నీటి అంచు దాకా సరుగుడు నాటిన చోట్ల తాబేలుకు గుంత తవ్వే జాగానే లేకుండా పోతోంది. మీ పంచాయతీలో కొత్తగా నాటే మాట వస్తే కనీసం ఆ ఒడ్డు ఇసుక వదిలేయమని అడగండి.) 30 గూళ్లకు 8 మీటర్లు, 7 మీటర్ల జాగా చాలు. గూటికీ గూటికీ మధ్య మీటరు దూరం తప్పనిసరి. దగ్గరగా పెడితే ఒక గూటి వేడి పక్క గూటికి తగులుతుంది, ఊపిరికి గాలి చాలదు, మీకు నడిచే దారీ ఉండదు. చుట్టూ వెదురు, నైలాన్ వలతో మనిషెత్తు కంచె కట్టి, దాని అంచును అరమీటరు లోతున పాతండి. పైకి కనిపించే కంచెకంటే పాతిన భాగమే ముఖ్యం, కుక్కలూ ఇసుక పీతలూ అక్కడి నుంచే వస్తాయి. వచ్చే ఏడు మళ్లీ అదే చోట పెట్టకండి. చెడిన గుడ్ల బూజు, బాక్టీరియా ఇసుకలో మిగిలిపోతాయి. చోటు మార్చలేకపోతే గూళ్లున్న లోతుదాకా ఇసుక తీసి కొత్త ఒడ్డు ఇసుక నింపాలి. చీమలు పట్టాయని పురుగుమందు చల్లితే పిల్లలూ పోతాయి.

గుంత ఆకారం కుండలా ఉండాలి. మూతి 20 సెంటీమీటర్లు, అడుగు 30, లోతు మీరు కొలిచినంత. గుడ్లు అదే తీరున పేర్చి, ముందు తడి ఇసుక, పైన పొడి ఇసుక కప్పి అరచేత్తో మెల్లగా అదమండి. కాలితో తొక్కొద్దు. నీళ్లు చల్లే పని లేదు.

వేడి సంగతి మాత్రం రోజూ చూడాలి. తాబేలు పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగే కాలంలో మధ్య మూడో వంతు రోజుల్లో ఇసుక వేడిని బట్టి తేలుతుంది. 29, 30 డిగ్రీల దగ్గర రెండూ వస్తాయి. అంతకు తగ్గితే మగవి, పెరిగితే ఆడవి ఎక్కువవుతాయి. 34, 35 దాటి అలాగే ఉంటే పిండాలే చస్తాయి. తీగ చివర మొన ఉండే డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని, మంచునీళ్లలో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోండి. గూట్లో పెట్టొద్దు. రెండు గూళ్ల మధ్య ఇసుకలో అదే లోతున పాతి పొద్దున, సాయంత్రం చదవండి. మార్చి ఆఖరు దాకా మన ఒడ్డున నీడ అక్కర్లేదు. ఏప్రిల్‌లో 33 దాటడం మొదలైతే తాటాకు పందిరో, సగం ఎండ ఆపే షేడ్ నెట్టో తలెత్తు ఎత్తున కట్టండి. మొదటి రోజు నుంచే పందిరి వేసే హ్యాచరీలున్నాయి. అది ఏళ్ల తరబడి మగపిల్లల్నే సముద్రంలోకి పంపే పద్ధతి, దాన్ని ఎవరూ కనిపెట్టరు కూడా, ఎందుకంటే పిల్లను పైకి చూసి ఆడో మగో చెప్పలేం.

పిల్లలు 45 నుంచి 60 రోజుల్లో వస్తాయి. వేడి ఎక్కువైతే ముందు, చల్లగా ఉంటే వెనక. 42వ రోజున ప్రతి గూటి మీదా అడుగులేని వెదురు బుట్ట పెట్టి అంచు ఇసుకలో దింపండి. గూటి పైన ఇసుక గిన్నెలా కుంగిందంటే రెండు మూడు రాత్రుల్లో వస్తాయని గుర్తు. అప్పటినుంచి రాత్రంతా గంటకోసారి చూడాలి. బుట్టలో మర్చిపోయి ఎండెక్కితే అరగంటలో పిల్లలు పోతాయి.

టబ్బు పద్ధతి మానేయండి. గూట్లోంచి బయటపడిన పిల్లకు మొదటి ఒకటి రెండు రోజులు ఆగకుండా ఈదే ఊపు ఉంటుంది. కడుపులో మిగిలిన సొన బలంతో ఒడ్డున పొంచి ఉండే చేపలను దాటి లోతు నీటికి చేరేది ఆ ఊపులోనే. టబ్బులో ఆ బలమంతా గోడలకు కొట్టుకుని ఖర్చయిపోతుంది. వచ్చిన రాత్రే, చీకట్లోనే వదలండి. నీటి అంచుకు 10, 20 మీటర్ల పైన ఇసుక మీద పెట్టి నడవనివ్వండి. ఏరోజుకారోజు చోటు మార్చండి, లేకపోతే చేపలు ఆ చోటు మరిగి కాచుకుని ఉంటాయి. తెల్లవారాక వచ్చినవాటిని తడి ఇసుక పరిచిన తట్టలో, తడి గోనెపట్టా కప్పి, నీడలో సాయంత్రం దాకా ఉంచొచ్చు. నీళ్లలో మాత్రం కాదు. బొడ్డు దగ్గర సొనసంచి ఇంకా బయట ఉన్న పిల్లను తడి ఇసుకలోనే ఒకటి రెండు రోజులు ఆగనివ్వాలి. ఊరి జనాన్ని పిలవాలనుంటే పిలవండి, తాబేలు పిల్లలకు దూరంగా అడ్డంగా తాడు కట్టి, జనాన్ని దాని వెనక నిలబెట్టండి. ఫ్లాష్ ఫొటోలు వద్దు. వీధిదీపం ఒడ్డుకు కనిపిస్తే పిల్లలు సముద్రం వదిలి అటే నడుస్తాయి. ఆ నాలుగు దీపాలు రాత్రి ఆపమని పంచాయతీకి చెప్పడం కంచె కట్టడమంత అవసరం.

చివరి పిల్ల వచ్చిన రెండు మూడు రోజులకు గూడు తవ్వి చూడండి. చాలామంది ఈ పని వదిలేస్తారు, వాసన కదా. కానీ కిందటేడు మీరు ఈ పని చేసి ఉంటే నన్ను అడగాల్సిన అవసరం ఉండేది కాదు. ఖాళీ పెంకులు ఎన్ని, పిండం కనిపించని గుడ్లు ఎన్ని, చిన్న పిండంతో ఆగినవి ఎన్ని, పూర్తిగా ఎదిగి చచ్చినవి ఎన్ని అని నాలుగు కుప్పలు పెట్టండి. చిన్న దశలోనే ఎక్కువ ఆగితే తరలింపులో కుదుపు. పూర్తిగా ఎదిగాక పోతే వేడి, నీరు నిలవడం, బిగుసుకున్న ఇసుక.

చచ్చిన తాబేళ్ల ప్రశ్నను మీరు ఆఖర్న పెట్టారు గానీ నా దృష్టిలో అసలు పని అదే. గుడ్డు పెట్టే దశకు రావడానికి రిడ్లేకు పదేళ్లకు పైగా పడుతుంది. ఒక పెద్ద ఆడతాబేలు వలలో పోతే, మీరు ఒక సీజనంతా వదిలిన పిల్లలతో ఆ లోటు తీరకపోవచ్చు. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల తాబేళ్లు కొట్టుకొచ్చాయి. ఎక్కువగా జరిగేది నీట మునగడమే: ట్రాల్ వలలో (మరబోటు వెనక లాక్కెళ్లే సంచి వల) చిక్కి గాలికి పైకి రాలేక. అందుకే ఒంటిమీద గాయం కనిపించదు. మన తూర్పు తీరంలో చేపలవేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అప్పటికే గుడ్లు పెట్టే కాలం ముప్పాతిక అయిపోతుంది. ఒడిశాలో తాబేళ్లు ఎక్కువగా గుడ్లు పెట్టే గహిర్మఠ, దేవి, రుషికుల్య దగ్గర 20 కిలోమీటర్ల లోపల నవంబరు 1 నుంచి మే 31 దాకా వేట ఆపుతారు. మనకు సీజన్లో ముఖ్యంగా ఆసరా అయ్యేది మరబోట్లు ఒడ్డుకు 8 కిలోమీటర్ల లోపలికి రాకూడదన్న నియమం. అది పాటిస్తే తాబేళ్లూ, తెప్పల మీద బతికేవాళ్లూ ఇద్దరూ బాగుపడతారు. కాబట్టి మీ ఊరి పెద్దలు ఈ ఫిర్యాదులో మీతో కలుస్తారు.

కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన వలలకు తగ్గట్టు టెడ్ అనే చట్రాన్ని తయారుచేసింది. వల గొంతులో ఏటవాలుగా కమ్మీల చట్రం ఉంటుంది, రొయ్యలు సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. పెద్ద చేపలూ పోతాయని బోటువాళ్ల అభ్యంతరం, అందులో కొంత నిజముంది. టెడ్ లేదన్న కారణంతోనే 2019 నుంచి అమెరికా మన సముద్రపు రొయ్యలు కొనడం ఆపింది. చెరువు రొయ్యలకు ఆ నిషేధం లేదు కాబట్టి ఆంధ్రలో ఆ దెబ్బ పెద్దగా తెలియలేదు.

బోటుమీదికి కదలకుండా వచ్చిన తాబేలును చచ్చిందని నీళ్లలోకి తోసేస్తే నిజంగానే చస్తుంది. పొట్ట కిందికి ఉంచి, వెనక భాగం ఆరు అంగుళాలు ఎత్తుగా ఉండేలా కింద ఏదైనా పెట్టండి. ఊపిరితిత్తుల్లోని నీరు కారుతుంది. నీడలో, తడిగుడ్డ కప్పి, ముక్కులు మూయకుండా నాలుగు గంటలు, అవసరమైతే 24 గంటల దాకా చూడొచ్చు. మధ్యమధ్య కంటి రెప్పనో తోకనో తాకితే కదులుతుందేమో గమనించండి. తేరుకున్నాక ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వల నీళ్లలో లేనప్పుడు, వెనకవైపు నుంచి మెల్లగా వదలాలి. మీ ఊరి బోటువాళ్లకు ఈ ఒక్కటి నేర్పినా చాలా మేలు.

ఒడ్డున శవం కనిపిస్తే అటవీశాఖకు చెప్పండి, తొడుగులు లేకుండా ముట్టొద్దు. మెడ దగ్గర నుంచి డిప్ప చివరి దాకా వంపు వెంట టేపుతో పొడవు, తోక డిప్పను బాగా దాటితే మగది, తాడు గాయాలు, కుళ్లు ఎంతవరకూ, తేదీ, చోటు రాసి ఫొటో తీసి, డిప్ప మీద రంగుతో గీత పెట్టండి. లేకపోతే రేపు అదే శవాన్ని ఇంకొకరు కొత్తదని లెక్కేస్తారు. ముందు రెక్కకు లోహపు ట్యాగు ఉంటే నంబరు తప్పక రాసుకోండి. 2021లో ఒడిశాలో ట్యాగు వేసిన తాబేలు 2025లో మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెడుతూ కనిపించింది. తూర్పు తీరం తాబేలు పడమటి తీరానికి వెళ్తుందని తెలిసింది ఆ అంకెవల్లే.

పరిశోధన కోసం ఎక్కడికో వెళ్లనక్కర్లేదు, మీరు ఇవన్నీ రాసుకునే పుస్తకమే మొదలు. ఒకే మూడు కిలోమీటర్ల ఒడ్డును వారంలో ఒకే రెండు రోజులు, ఒకే వేళకు నడవండి. ఏమీ కనిపించని రోజున కూడా తేదీ వేసి సున్నా రాయండి. కనిపించిన రోజులే రాస్తే ఆ లెక్క ఎందుకూ కొరగాదు. ఉన్నచోటే ఉంచిన గూళ్లలో ఎంత శాతం పిల్లలొచ్చాయి, తరలించినవాటిలో ఎంత అన్న పోలికే ఒక ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు సరిపోతుంది. విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం మెరైన్ లివింగ్ రిసోర్సెస్ విభాగం ఉంది, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కేంద్రమూ అక్కడే ఉంది. ఆ తర్వాత డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ. ఎక్కడ అడిగినా జువాలజీతో పాటు స్టాటిస్టిక్స్ చూస్తారు, మీరు అందులో వెనకబడి ఉంటే ఈ సెలవుల్లోనే పట్టండి.

అర్జీ నవంబరులో ఇస్తే జనవరి మొదటివారం గస్తీకి అనుమతి చేతికొచ్చే వీలుంటుంది. దానితో పాటు కిందటేడు జరిగింది, ఆ 112 గుడ్లూ తొమ్మిది పిల్లల లెక్కతో సహా, దాచకుండా రేంజి ఆఫీసరుకు చెప్పండి.